పదకొండొందల డిగ్రీలు

జూన్ 5, సోమవారం

సమ్మె నాలుగో రోజు. గేటు బయట మూడొందల ఇరవై మంది, లోపల నేనొక్కణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొయ్యి తప్ప తోడు లేదు. పొయ్యితో ఎంతసేపని మాట్లాడతాను? అందుకే కంపెనీ వాళ్లు జనవరిలో పంచిన ఈ డైరీ తీశాను. ఐదు నెలల పేజీలు ఖాళీగా పోయాయి. ప్రతి పేజీ అడుగునా ఒక సూక్తి అచ్చు వేయించారు. ఇవాల్టిది: "జాగ్రత్తే మన అసలు జీతం." గేటు బయటివాళ్లకి వినిపిస్తే పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు.

ఒప్పందంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుకుంటున్నాను, ఎవరైనా అడిగితే తడుముకోకుండా. "గాజు పొయ్యి చల్లారినచో లోపలి గాజు గడ్డకట్టి ఇటుకలు పగులును. కనుక సమ్మె కాలమందు పొయ్యిని పదకొండొందల డిగ్రీల వద్ద నిలిపి ఉంచుటకు మేస్త్రీ ఒక్కడిని యూనియన్ కర్మాగారంలోనికి అనుమతించును. వేడి పెంచరాదు. సీసాలు తీయరాదు. మేస్త్రీ రోజూ పుస్తకంలో వేడి నమోదు చేసి సంతకం చేయవలెను." కింద మేనేజరు సంతకం, యూనియన్ సెక్రటరీ సంతకం. సెక్రటరీ అంటే నా బావమరిదే. నా భార్యకి తోడబుట్టిన తమ్ముడు.

పదకొండొందల దగ్గర గాజు చావదు, సీసా పుట్టదు. పదిహేనొందలకి వెళితేనే పాకంలా జారి మిషన్లోకి దిగుతుంది. నేను లేని వేళల్లో ఆఫీసర్లు కూర్చుని మీటరు ముల్లు చూస్తారు. బర్నర్ల మీద చెయ్యి వేయరు. వేయడం రాదు కూడా.

జూన్ 6, మంగళవారం

పొద్దున గేటు దగ్గర ప్యాకింగ్‌లో పనిచేసేవాడొకడు, "ఏం మేస్త్రీ, అత్తారింటికి బయల్దేరావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ ముఖం సహకరించలేదు.

బావమరిది టెంటులోంచి లేచి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినపడేలా అన్నాడు. "మా బావ పోతున్నాడంటే మనం పంపితే పోతున్నాడు. పొయ్యి చచ్చాక మనం గెలిచి ఏం చేసుకుంటాం? ఇటుకలు నాకుతామా? ఇంకోసారి ఎవడైనా వెటకారమాడితే నాతో మాట్లాడండి."

ముందు వరసలో కుర్చీలో పెద్ద మేస్త్రీ ఉన్నాడు. నాకు పని నేర్పినవాడు. నలభై ఏళ్లు పొయ్యి నోట్లోకి చూసి చూసి రెండు కళ్లూ పాలరంగుకి తిరిగాయి. రిటైరై నాలుగేళ్లయింది. మార్చిలో ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. అదే నెలలో నోటీసు వచ్చింది, రిటైరైన వాళ్ల వైద్యం కార్డులు ఇక చెల్లవని. ఈ సమ్మె ఆ నోటీసు మీదే.

"వెళ్లు, నాన్నా," అన్నాడు. "దాన్ని చంటిపిల్లలా చూసుకో."

నాకు యాభై ఏడేళ్లు. నన్నింకా నాన్నా అని పిలిచే మనిషి ఆయనొక్కడే.

జూన్ 9, శుక్రవారం

మీటర్లో రెండు ముళ్లు కనిపిస్తున్నాయి. అద్దం మురికి పట్టింది. తుడిచాను.

జూన్ 10, శనివారం

ప్రతి శనివారం బావమరిది గేటు దగ్గర పుస్తకం చూడాలని ఒప్పందం. వారం పొడుగునా పదకొండొందలు, పక్కన నా సంతకం. పుస్తకం మూసి, "అక్క చేతి కుట్టూ నీ చేతి రాతా ఒకటే బావా, ఎక్కడా వంకర ఉండదు," అన్నాడు. మా ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది. టెంటుకి కట్టిన ఎర్ర బ్యానరు అంచు తనే కుట్టింది.

జూన్ 12, సోమవారం

అద్దం మళ్లీ తుడిచాను. సబ్బు పెట్టి.

జూన్ 14, బుధవారం

మేనేజరు తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. కళ్లెలా ఉన్నాయని అడిగాడు. అంతే. వేరే ఏమీ లేదు.

జూన్ 15, గురువారం

మూడో బర్నరు సరిగా మండటం లేదు. టెస్టు చేయడానికి అరవై డిగ్రీలు పెంచాల్సి వచ్చింది. టెస్టు కోసమే. పుస్తకంలో పదకొండొందలే రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ అదే రాసింది. కొట్టేసి మళ్లీ రాస్తే చూడ్డానికి బాగుండదు.

జూన్ 16, శుక్రవారం

కంపెనీ డాక్టరు కళ్లు చూశాడు. లైటు వేసి చాలాసేపు చూసి, "కుడిది బాగా పండింది. ఎడమది దారిలో ఉంది," అన్నాడు, మామిడికాయల గురించి చెప్పినట్టు. పెద్దాసుపత్రిలో జూలై 12కి తేదీ రాయించాడు. నేను రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఉద్యోగంలో ఉన్నవాడికి కార్డు ఎలాగూ చెల్లుతుంది. ఇందులో నాకు ఎవరూ ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. మామూలుగా అయితే ఈ తేదీ దొరకడానికి ఏడాది పడుతుందట.

ఇంట్లో మామూలు పరీక్షే అని చెప్పాను.

మూడో బర్నరు టెస్టు ఇంకా పూర్తి కాలేదు. మరో డెబ్భై పెంచాను.

జూన్ 17, శనివారం

బావమరిది పుస్తకం చూశాడు. పదకొండొందలు, పదకొండొందలు, పదకొండొందలు. "శభాష్ బావా."

పెద్ద మేస్త్రీ కుర్చీలోంచే పిలిచాడు. దగ్గరికి వెళితే నా చెయ్యి పట్టుకుని చిమ్నీ వైపు తల తిప్పాడు.

"దాని గొంతు మారిందిరా."

"గాలి అటు తిరిగింది పెద్దాయనా."

కాసేపు అలాగే చెవి ఒగ్గి కూర్చున్నాడు. తరవాత నా చెయ్యి వదిలి, "నువ్వు గాలంటే గాలే. ఇప్పుడు నా కళ్లు నీ దగ్గరే ఉన్నాయి కదా," అన్నాడు.

ఇవాళ గాలి నిజంగానే ఎక్కువగా ఉంది.

జూన్ 19, సోమవారం

పదమూడొందల యాభై. పుస్తకంలో పదకొండొందలు.

వేడి పెంచినంత మాత్రాన సీసాలు రావు. మిషను తిప్పేవాళ్లు కావాలి. వాళ్లంతా టెంటులో ఉన్నారు. కాబట్టి నేను చేసిన దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాదు.

జూన్ 21, బుధవారం

వెనక గేటునుంచి రెండు వ్యాన్లలో మనుషులొచ్చారు. ఎవరో తెలియదు. ఒక్కడూ నా ముఖం చూడలేదు. పదకొండింటికి మొదటి మిషను తిరిగింది. పందొమ్మిది రోజుల తరవాత ఆ చప్పుడు. ఎర్రగా మండుతున్న సీసాలు ఒకదాని వెనకొకటి పట్టా మీద బారులు తీరాయి. సిగ్గు విడిచి రాస్తున్నాను, వాటిని చూడగానే ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ముప్పై మూడేళ్ల అలవాటు.

టెంటుకి వినపడకుండా కిటికీలన్నీ మూయించారు. గాజు చప్పుడు మూస్తే ఆగుతుందా.

జూన్ 22, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం రెండింటికి సరుకుతో లారీ బయల్దేరింది. ముందూ వెనకా పోలీసులు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. గేటు తెరిచిన చప్పుడు, వెంటనే అరుపులు వినిపించాయి. పరిగెత్తాను. నేను వెళ్లేసరికి మనవాళ్లు గేటుకి అడ్డంగా కూర్చుని ఉన్నారు. బావమరిది మధ్యలో నిలబడి చేతులు చాచి, "ఎవరూ రాయి ముట్టుకోవద్దు! కూర్చోండి, కూర్చునే ఉండండి!" అని అరుస్తున్నాడు. ఎవరూ రాయి ముట్టుకోలేదు. నేను చూశాను. ఇది రాసి పెట్టుకుంటున్నాను, ఎవరూ ముట్టుకోలేదు.

లాఠీలు లేచాయి. జనం ఒక్కసారిగా వెనక్కి తోసుకున్నారు. టెంటు గుంజ విరిగింది. ముందు వరసలో కుర్చీ ఉంది కదా. కళ్లున్నవాళ్లకే ఎటు పోవాలో తెలియని తొక్కిసలాట. పెద్ద మేస్త్రీ, "ఏమైంది? ఎవరన్నా చెప్పండిరా, ఏమైంది?" అని అడుగుతూ లేచి నిలబడ్డాడు. ఆ తరవాత కనిపించలేదు. జనం పలచబడ్డాక చూస్తే కింద ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది.

పదకొండు మందిని వ్యానెక్కించారు. లారీ మీద దాడి చేశారని కేసు.

లారీ వెళ్లిపోయింది. ఒక్క సీసా పగల్లేదు.

జూన్ 23, శుక్రవారం

బావమరిది ఇంటికొచ్చాడు. నుదుటికి కట్టు. కూర్చోలేదు.

"అక్కా, పుస్తకంలో పదకొండొందలుంది. పదకొండొందలకి సీసా రాదు. బావా, నువ్వు చెప్పు, ఎలా వచ్చింది?"

మా ఆవిడ మిషను ఆపింది.

"నేను ఐదింటికల్లా వచ్చేస్తాను కదా," అన్నాను. "నేను పోయాక ఆఫీసర్లు పెంచుంటారు. పొద్దున నేనెళ్లేసరికి మళ్లీ దించి పెట్టుంటారు."

పొయ్యి అలా గంటల్లో ఎక్కి దిగేది కాదు. ఆ సంగతి పొయ్యి దగ్గర పనిచేసినవాడికి తెలుస్తుంది. బావమరిదిది లోడింగు. నమ్మాడు.

"దొంగనాయాళ్లు," అన్నాడు. "నీ వెనకాల ఎంత పని చేశారు చూడు."

జూన్ 24, శనివారం

యూనియన్ నన్ను బయటికి పిలిచేసింది. ఇవాళ టెంటులో కూర్చున్నాను. అత్తారిల్లన్నవాడే నా చేతికి టీ గ్లాసిచ్చి, "తప్పుగా అన్నాను మేస్త్రీ, మనసులో పెట్టుకోకు. నిన్ను కూడా మోసం చేశారు," అన్నాడు. అందరూ జరిగి నాకు చాప మీద చోటిచ్చారు. తిట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

జూన్ 28, బుధవారం

కార్మిక శాఖ ఆఫీసరు దగ్గర విచారణ. ఒప్పందం తప్పారు కాబట్టి కేసులు ఎత్తెయ్యాలని, కార్డులు తిరిగివ్వాలని మనవాళ్లు అడిగారు. మేనేజరు తాపీగా బల్లమీద పుస్తకం పెట్టాడు.

"పొయ్యి పదకొండొందలు దాటలేదు సార్. వాళ్ల మేస్త్రీ రాసిన అంకెలే, వాళ్ల సెక్రటరీ ప్రతి వారం చూసిందే. లారీలో పోయింది పాత సరుకు."

ఆఫీసరు పేజీలు తిప్పాడు. "ఇది మీ మనిషి సంతకమేనా?" అని అడిగాడు. బావమరిది అవునన్నాడు. అవునని చెప్పక ఏం చేస్తాడు?

వచ్చే నెల పదిన నేను వచ్చి సాక్ష్యం చెప్పాలట. మెట్లు దిగుతుంటే బావమరిది, "నువ్వు వెళ్లాక ఆఫీసర్లు పెంచారని గట్టిగా చెప్పు బావా. నీ మాట మీదే ఉంది అంతా," అన్నాడు. పదకొండు మందీ ఇంకా లోపలే ఉన్నారు.

జూలై 1, శనివారం

నేను పెంచలేదు. పెంచమంటే పెంచాను.

జూలై 3, సోమవారం

పెద్ద మేస్త్రీని చూడటానికి వెళ్లాను. కార్డు చెల్లదన్నారు కాబట్టి ధర్మాసుపత్రిలో, వరండాలో మంచం. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. ఆయన భార్య నీళ్ల కోసం వెళ్లింది.

చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. వేడి నేనే పెంచానన్నాను. పుస్తకంలో అబద్ధం రాశానన్నాను. గాలి కాదన్నాను.

"తెలుసురా," అన్నాడు.

"ఎప్పుడు తెలుసు?"

"ఆ శనివారమే. నలభై ఏళ్లు దాని పక్కన బతికాను. అదెప్పుడు ఆకలిమీదుందో, ఎప్పుడు తిన్నదో నాకు తెలియదా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం? ఆ రోజే చెప్పుంటే లారీ కదిలేదే కాదు. నువ్విలా పడుండేవాడివీ కాదు."

పక్క మంచం మీది మనిషి దగ్గుతున్నాడు.

"నువ్వే చెబుతావనుకున్నాను," అన్నాడు చివరికి. "ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకుంటూ కూర్చున్నాను. అది నా తప్పు. శిష్యుడు కదా అని మూడొందల కుటుంబాలని పణం పెట్టాను."

ఆయన కాళ్లు పట్టుకోబోయాను. కట్టు కదిలి మూలిగాడు. వదిలేశాను.

"ఇంతకీ ఎవరెవరికి చెప్పావు?"

"నీకే."

"నాకు చెప్పి ఏం లాభంరా? నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్లకి చెప్పు. ఇంక వెళ్లు. మా ఆవిడ వచ్చేలోగా వెళ్లు. ఆమెకి తెలిస్తే ఆసుపత్రని కూడా చూడదు."

నాన్నా అని పిలవలేదు.

జూలై 4, మంగళవారం

జూన్ 14న మేనేజరు గదిలో ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను. "వేరే ఏమీ లేదు" అని రాసిన మాట తప్పు.

నేను మీటరుకి ముఖం ఆనించి చూడటం ఎవరో ఆయనకి చెప్పారు. "పెద్ద మేస్త్రీలా అయిపోతావయ్యా," అన్నాడు. "ఎనిమిది నెలల్లో రిటైరవుతావు. తరవాత కార్డుండదు. వచ్చే నెలలోనే రెండు కళ్లూ చేయించి పంపిస్తాను, నా పూచీ. నువ్వు చేయాల్సింది చిన్న సాయం. మెల్లగా పైకి తీసుకురా. రాసేది మాత్రం పాత అంకే రాయి, లేనిపోని గొడవలెందుకు?" నేను ఆలోచించి చెబుతానని కూడా అనలేదు. "అలాగే సార్," అన్నాను. ఇచ్చిన మంచినీళ్లు తాగాను. మూడో బర్నరు, టెస్టు చేశానని రాసిన రోజు కూడా, బ్రహ్మాండంగానే పనిచేసింది.

ఇవాళ మధ్యాహ్నం ఇదంతా మా ఆవిడకి చెప్పాను. మిషను మీద గుడ్డ అలాగే ఉంది, సూది దిగి ఉంది. చివరిదాకా విని, "కళ్లు కనిపించడం లేదని నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు కంగారు పడతావని..."

"తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికోసం అన్నాడట. నా కంగారు కోసమా నువ్వు ఇదంతా చేసింది? పదకొండు మంది ఆడవాళ్లు రోజూ జైలు గేటు దగ్గర నిలబడుతున్నారు. అందులో ఐదుగురికి నేను జాకెట్లు కుట్టాను. వాళ్ల ముఖం ఎలా చూడను?"

లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, "మా తమ్ముడికి నువ్వే చెప్పు. నేను చెప్పను," అంది.

జూలై 5, బుధవారం

చెప్పాను. కొట్టలేదు. తిట్టలేదు. "పదో తారీకున ఇదే మాట అక్కడ చెబుతావా?" అని మాత్రం అడిగాడు. చెబుతానన్నాను. "ఉద్యోగం పోతుంది. నీ కళ్లు పోతాయి." తెలుసన్నాను. సైకిలెక్కి వెళ్లిపోయాడు. బావా అనలేదు.

జూలై 10, సోమవారం

చెప్పాను.

ఆఫీసరు రెండుసార్లు అడిగాడు. "ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నారా?" బలవంతం లేదు సార్. "పుస్తకంలో రాసింది అబద్ధమా?" జూన్ 15 నుంచి అబద్ధం సార్, అంతకుముందు నిజం. మేనేజరు లేచి, వీడు గుడ్డివాడు సార్, ముల్లే కనపడదు, వీడి మాటేమిటన్నాడు. ఆఫీసరు ఆయన వైపు చూసి, "ముల్లు కనపడనివాడిని పొయ్యి దగ్గర ఎందుకు పెట్టారు?" అన్నాడు. గది వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

నా వరసలో ఎవరూ కూర్చోలేదు. బయటికొస్తుంటే ఎవరో ఉమ్మారు. నా మీద పడలేదు. పడినా సరే.

జూలై 12, బుధవారం

ఇవాళ ఆసుపత్రి తేదీ. ఇంట్లోనే ఉన్నాను.

జూలై 22, శనివారం

పెద్ద మేస్త్రీ నిన్న తెల్లవారుజామున పోయాడు. పడుకునే ఉండి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మా ఆవిడ వెళ్లింది. నేను వీధి చివరిదాకా వెళ్లి, వాళ్ల వాకిట్లో జనాన్ని చూసి ఆగిపోయాను. అక్కడినుంచి ముఖాలు కంటికి ఆనలేదు. ఆనితే ఇంకా ముందే ఆగేవాణ్ణేమో.

జూలై 31, సోమవారం

ఈ మధ్య పేజీకి ఏడెనిమిది వరసలే పడుతున్నాయి. అక్షరాలు అంత పెద్దవిగా రాస్తే గానీ కనిపించడం లేదు.

ఒప్పందం కుదిరింది. సమ్మె ముగిసింది. రిటైరైన వాళ్లందరికీ, వాళ్ల భార్యలకీ కార్డు తిరిగి ఇస్తారు. పదకొండు మంది మీద కేసులు ఎత్తేశారు, అందరూ ఇళ్లకొచ్చారు. మేనేజరుని ఇంకెక్కడికో మార్చారు. తప్పుడు లెక్క రాసినందుకు నన్ను పనిలోంచి తీసేశారు. ఒప్పందంలో చివరి షరతు మా ఆవిడ చదివి వినిపించింది. "దుష్ప్రవర్తన వలన తొలగింపబడిన వారికి ఈ సౌకర్యం వర్తించదు."

అందులో పడేది నేనొక్కణ్ణే. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది.

"వినపడిందా?" అంది.

"వినపడింది. చెవులు బాగానే ఉన్నాయి," అన్నాను. తను నవ్వలేదు. కాగితం మడిచి బీరువాలో పెట్టింది.

ఆగస్టు 6, ఆదివారం

ఇవాళ యూనియన్ సర్వసభ్య సమావేశం. నా కార్డు కోసం యూనియన్ పోరాడాలా వద్దా అని ఎవరో ప్రస్తావన తెచ్చారట. అది తెచ్చింది జైల్లో ఉండొచ్చిన పదకొండు మందిలో ఒకడట. వాడి పేరు అడిగాను. బావమరిది చెప్పలేదు.

అవును, బావమరిది ఇంటికొచ్చాడు. నెల రోజుల తరవాత. గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగాడు. మనిషి ఆకారం తప్ప నాకేమీ తెలియడం లేదు. మా ఆవిడ "రా" అంటేనే ఎవరో తెలిసింది.

బల్లకి అటువైపు, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. చేతులెత్తించి ఓటు వేయించారట. పోరాడాలని నలభై ఒకటి. వద్దని రెండొందల పైచిలుకు.

"నేను చెయ్యెత్తలేదు బావా," అన్నాడు.

"సెక్రటరీవి కదా, ఎత్తకూడదేమో."

"ఎత్తొచ్చు. రూలు అడ్డం లేదు. నేనే ఎత్తలేదు. రెండుసార్లు చెయ్యి పైకి రాబోయింది. పెద్దాయన కుర్చీ గుర్తొచ్చింది. ఎవరో వచ్చి నీకు చెప్పేలోగా నేనే చెప్పాలని వచ్చాను."

మనసులో ఉన్నదే అన్నాను.

"నీ చోట నేనుంటే నేనూ ఎత్తేవాణ్ణి కాదు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మా ఆవిడ లోపలికి వెళ్లి రెండు కంచాలు తెచ్చింది. ఒకటి తమ్ముడి ముందు పెట్టింది, ఒకటి నా ముందు. వాడు లేచి పోతాడేమో అనుకున్నాను. కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్న చప్పుడైంది.

తిన్నాం. రెండోసారి వడ్డిస్తే వాడు వద్దనలేదు.